పిరికి బాబాయి పడవ

మా బాబాయి పోయారు. పోయిన నెల ఒక ఉదయం నేను వార్డులో పేషెంట్లకి మందులు ఇస్తుండగా పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, మీ బాబాయి వెళ్ళిపోయారే. కుర్చీలో కాస్త కునుకు పట్టింది నాకు. కళ్ళు తెరిచేసరికి..." అంది.  మందుల ట్రాలీకి తాళం వేశాను. నాలుగడుగులు వేసి, తాళం సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి వెళ్ళి చూసుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఏ పనైనా రెండోసారి చూసుకోవడం ఆయన దగ్గర పట్టుబడిన అలవాటు.

సమాధి కార్యక్రమంలో, ఇక్కడ న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఉన్న మన తెలుగు చర్చి సంఘస్తులందరూ మాట్లాడారు. మంచివాడన్నారు, నిజమే. అడక్కుండానే సాయం చేస్తాడన్నారు, అదీ నిజమే. చివర్లో ఒక పెద్దాయన లేచి, "మరణానికి కూడా జంకని ధైర్యశాలి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి ఎంతమందినో సాగనంపిన మనిషే గాని, మా బాబాయి ధైర్యవంతుడేమీ కాదు. నేను చూసినవాళ్ళలో ఆయనంత పిరికివాడు ఇంకొకరు లేరు. ఆ పిరికితనం పుణ్యమా అని నేనూ మా నాన్నా ఇవాళ బతికున్నాం. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలంటే నేను రాయగలిగింది ఆ భయం గురించే. అంతేకాదు, "ప్రశాంతంగా వెళ్ళిపోయారు" అని అందరూ అంటున్నప్పుడల్లా, ఆఖర్న ఆయన భయపడుతూ పోయారా, పడితే ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోగలిగారా అని నాకు గుండెలో గుబులు. అది ఇంకా పూర్తిగా పోలేదు.

నేను ఇక్కడికి నర్సు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆయన ఇంట్లోనే ఉన్నాను. డునెడిన్ రోడ్లు గోడకి నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంటాయి. చలికాలం పొద్దున్నే వాటి మీద కంటికి కనపడని మంచు పేరుకుంటుంది. మొదటిరోజు నన్ను డ్యూటీకి దింపడానికి బయల్దేరిన బాబాయి, కారు స్టార్ట్ చేసే ముందు కిందికి దిగి, చెప్పుకాలితో రోడ్డు రుద్ది చూసి, తిరిగొచ్చి, "నడిచిపోదాం పదమ్మా" అన్నారు. పిన్ని గుమ్మంలోంచి, "ఊళ్ళో అందరూ డ్రైవ్ చేసుకుని వెళ్ళట్లేదా ఏంటి? ఈయనొక్కరికే జారుద్ది రోడ్డు!" అంది. మేం నడిచే వెళ్ళాం. నేను ఆలస్యంగా చేరాను, చీవాట్లు తిన్నాను.

ఇలాంటి మనిషి పడవ ఎందుకు కొన్నారంటే, పులుసు కోసం. ఈ దేశంలో ట్రౌట్ చేపని అమ్మకూడదు, కొనకూడదు. అది చట్టం. సాల్మన్ అయితే పెంచినది షాపుల్లో దొరుకుతుంది గాని ట్రౌట్ తినాలంటే మనమే పట్టుకోవాలి, లేదా పట్టినవాళ్ళు దయతలచి ఇవ్వాలి. ఆసుపత్రిలో తోటి నర్సు ఒకావిడ ఒకసారి తన భర్త పట్టిన ట్రౌట్ ఇస్తే, పిన్ని చింతపండు పులుసు పెట్టి, మెంతులు వేసి, మర్నాటిదాకా నాననిచ్చి వడ్డించిందట. నరసాపురం వదిలాక అలాంటి ముద్ద తినలేదని బాబాయి ఎప్పుడూ చెప్పేవారు. ఆ ముద్ద కోసం ఈత కూడా రాని మనిషి సెకండ్‌హ్యాండ్‌లో చిన్న అల్యూమినియం పడవ కొని, కారుకి తగిలించుకుని, మూడున్నర గంటలు డ్రైవ్ చేసి హావెయా సరస్సుకి వెళ్ళడం మొదలుపెట్టారు. జిహ్వ చాపల్యం ముందు ప్రాణభయం ఓడిపోయిందని పిన్ని వెక్కిరించేది.

హావెయా చూడనివాళ్ళకి చెప్పాలంటే, అటూ ఇటూ చెట్టూ చేమా లేని పెద్ద కొండలు, మధ్యలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పొడుగున నీళ్ళు. ఎంత లోతో ఆలోచించకపోవడమే మంచిది. ఒడ్డు దగ్గర ఆకుపచ్చగా ఉండే నీరు ఒకచోట ఉన్నట్టుండి ముదురు నీలంగా మారిపోతుంది. అడుగు తెగి లోతు మొదలయ్యే చోటు అది. వేసవిలో ట్రౌట్, సాల్మన్ ఆ గీత కిందికి, చల్లటి నీళ్ళలోకి దిగిపోతాయి. పడవని ఆ గీత వెంబడి మెల్లగా నడుపుతూ, ఎరగా మిలమిల్లాడే రేకు ముక్కని వెనకాల చాలా దూరంలో ఈడ్చుకుంటూ పోవాలి. దీన్నే ట్రోలింగ్ అంటారు. దారం లోపల సీసం ఉంటుంది కాబట్టి మునుగుతుంది. పది గజాలకో రంగు మారుతుంది. ఎంత వదిలామో రంగుల్ని బట్టి తెలుస్తుంది. "నాలుగు రంగులు వదులమ్మా. వేగం పెళ్ళి ఊరేగింపు నడకలా ఉండాలి, అంతకు మించకూడదు" అనేవారు బాబాయి. ఇంజను ఆపితే దారాలు మునిగిపోయి పడవ కిందికి చేరతాయని, అందుకని ఏం జరిగినా ముందుకి పోతూనే ఉండాలన్నది ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం.

ఆయన జాగ్రత్తలు చూసి నవ్వనివాళ్ళు లేరు. లైఫ్ జాకెట్ పడవెక్కేటప్పుడు కాదు, క్యాంప్‌గ్రౌండ్‌లో పళ్ళు తోముకున్న వెంటనే తొడుక్కునేవారు. దాంతోనే టీ తాగేవారు. వాతావరణం మూడు చోట్ల చూసేవారు. మూడూ బాగుందని చెబితే, మూడూ ఒకే మాట ఎలా చెప్తున్నాయని అనుమానపడేవారు. పడవ దించే ముందు పిన్నికి ఫోన్ చేసి "దిగుతున్నా" అని, గట్టెక్కాక "ఎక్కా" అని చెప్పేవారు. కొండల మీద మబ్బు కాస్త పొడుగ్గా సాగినట్టు కనిపిస్తే చాలు, చేప పడుతున్నా సరే, దారాలు చుట్టేయమనేవారు. ఆక్లాండ్ నుంచి, దాని పక్కనున్న పాపకూర నుంచి సెలవులకి వచ్చిన మన కుర్రాళ్ళు, "అంకుల్, మీరు గట్టు మీదే ట్రోలింగ్ చేయొచ్చు కదా" అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు గాని దారాలు చుట్టడం మాత్రం ఆపేవారు కాదు.

ఒక్కసారి ఆపారు. ఆ ఒక్కసారీ మా నాన్న కోసం.

నాన్న బాబాయికి అన్న. నరసాపురంలో సంఘ పెద్ద, గొంతు పెద్దది. వేసవిలో మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. తమ్ముడు పడవ నడుపుతాడంటే నమ్మలేక, చూడాల్సిందేనన్నారు. ముగ్గురం వెళ్ళాం. బాబాయి వెనక ఇంజను దగ్గర, నాన్న మధ్యలో, నేను ముందు. టిమారు క్రీక్ సరస్సులో కలిసే చోటు దాటాక నాన్న గేలం కర్ర వంగింది. చేప ఒక్కసారి పైకెగిరి మళ్ళీ నీళ్ళలో పడింది. సాల్మన్! నాన్న ఆనందం చూడాలి. అది జారిపోయింది. "ఇంకో చుట్టు వేద్దాం, అక్కడే ఉంటాయి" అన్నారు.

బాబాయి ఆ మాట వినడంలేదు. సరస్సు తలాపు వైపు చూస్తున్నారు. అప్పటిదాకా వీస్తున్న చల్లగాలి ఆగిపోయింది. ఎందుకో వెచ్చగా అనిపించింది. "అన్నయ్యా, చుట్టేద్దాం. నార్‌వెస్టర్ వచ్చేలా ఉంది" అన్నారు. కొండల మీంచి ఉన్నట్టుండి విరుచుకుపడే వాయవ్యపు గాలిని ఇక్కడ అలా అంటారు.

"ఎక్కడొచ్చిందిరా? ఆకు కదలట్లేదు!" అన్నారు నాన్న. నా వైపు తిరిగి, "చిన్నప్పట్నుంచీ ఇంతేనే వీడు. పెరట్లోకి పోవాలన్నా నన్ను లేపేవాడు తోడు రమ్మని. గెడ్డాలు నెరిసినా మారలేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. బాబాయి మొహం ఎర్రబడింది.  ఇంజను పిడి తిప్పి, పడవని మళ్ళీ ఆ గీత వెంబడే పోనిచ్చారు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. దూరంగా నీళ్ళ మీద ఒక నల్లటి చార కనిపించింది. అది దగ్గరికొస్తున్న కొద్దీ వెడల్పవుతోంది. దాని మీద తెల్లగా నురగ. బాబాయి "చుట్టండి, చుట్టండి!" అని అరిచి పడవని ఒడ్డు వైపు తిప్పేలోపే గాలి మా మీద పడింది. నాన్న టోపీ ఎగిరిపోయింది. గట్టు అక్కడే కనిపిస్తోంది, రాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు, కానీ ఎంతకీ దగ్గర కాదు. అల పడవ ముక్కుని పైకి లేపి వదిలితే కింద రేకు ధన్‌మని మోగేది. 

అప్పుడు నాన్న రెండు చేతులూ పైకెత్తి, "ప్రార్థన చేసుకుందాం! ప్రభువా..." అని మొదలుపెట్టారు.

తర్వాత జరిగింది మా కుటుంబానికి తప్ప ఇంకెవరికీ జరగదు. మా ఇంట్లో ఎవరైనా ప్రార్థన మొదలుపెడితే ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఆగిపోవాలి. కళ్ళు మూసుకోవాలి. కన్ను తెరిచినవాడి నెత్తిన తాతగారు మొట్టికాయ వేసేవారట. తాతగారు పోయాక ఆ మొట్టికాయల హక్కు పెద్దకొడుకుగా నాన్నకి సంక్రమించింది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆమెన్ అనేదాకా పిన్ని కదలదు. ఫోన్లో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే బాబాయి కారు పక్కకి తీసి ఆపడం నేను చూశాను. అది ఆలోచించి చేసేది కాదు, ఒంట్లో ఇంకిపోయింది. నాన్న గొంతు వినగానే నా చెయ్యి దానంతటదే చున్నీ లాగి తల మీద వేసుకుంది. కళ్ళు మూతపడ్డాయి. వెనకాల ఇంజను రొద తగ్గి చిన్న గురక అయిపోవడం వినిపించింది. భక్తిగా ఉందనిపించింది కూడా.

పడవ పక్కకి తిరిగింది. ఒక అల నా వీపు మీద విరిగింది. ఆ నీళ్ళ చలి చలిలా ఉండదు, కొట్టినట్టుంటుంది. కళ్ళు తెరిచాను. ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు, నెరిసిన తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వాళ్ళ మడమల మీదుగా నీళ్ళు ఇటూ అటూ ఊగుతున్నాయి. వాళ్ళ వెనక ఇంకో అల లేస్తోంది. ఇప్పటికీ నన్ను ఉలిక్కిపడి లేపే కల అదే.

"బాబాయ్!" అని కేక పెట్టాను.

ఆయన కళ్ళు తెరిచారు. ఇంజనుని గేరులో వేశారు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చుట్టకుండా వదిలేసిన దారాలు మునిగి, పడవ కిందికి చేరి, ఇంజను రెక్కలకి చుట్టుకుపోయాయి. నాన్న ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. అప్పుడు మా బాబాయి, పుట్టాక ఎన్నడూ అన్న మాటకి ఎదురు చెప్పని మనిషి, గొంతు చించుకుని అరిచారు. "అన్నయ్యా, ఆమెన్ అను! ఆమెన్ అనేసి నీళ్ళు తోడు!"

నాన్న "ఆమెన్" అన్నారు. పెరుగన్నం తెచ్చుకున్న ఐస్‌క్రీమ్ డబ్బా తీసుకుని తోడటం మొదలుపెట్టారు. నేను దోసిళ్ళతో తోడాను. బాబాయి తెడ్లు వేశారు. తెడ్డు లాగిన ప్రతిసారీ "భయమేస్తోంది" అని పైకే అన్నారు. గొణగడం కాదు, అరవడం. లాగడం, భయమేస్తోంది. లాగడం, భయమేస్తోంది. కళ్ళ వెంట నీళ్ళు. కానీ పడవ ముక్కు అల నుంచి పక్కకి తప్పకుండా, గాలి ఎటు నెట్టుకుపోతే అటు ఒడ్డుకి ఏటవాలుగా, కొద్దికొద్దిగా లాక్కుపోయారు. రాళ్ళకి పడవ తగిలాక కూడా ఆ మాట ఆపలేదు. నేనెళ్ళి ఆయన చేతుల్లోంచి తెడ్లు విడిపించాల్సి వచ్చింది.

ముగ్గురం ఒడ్డున కొట్టుకొచ్చిన దుంగల మీద వణుకుతూ కూర్చున్నాం. పైన రోడ్డు మీద పశువుల మందని చూసుకోవడానికి వచ్చిన ఒక కివీ ఆవిడ మమ్మల్ని చూసి దిగొచ్చి, ఏమీ అడక్కుండా తన కోటు నాన్నకి కప్పి, ట్రక్కులో ఎక్కించుకుని క్యాంప్‌గ్రౌండ్‌లో దింపింది. బాబాయి పిన్నికి ఫోన్ చేసి "ఎక్కా" అన్నారు. వెంటనే మొత్తం చెప్పేశారు, ఏడ్చానని కూడా చెప్పారు. నాన్న ఇండియా వెళ్ళాక సంఘంలో సాక్ష్యం చెప్పారట, ప్రార్థనతో గాలి నిమ్మళించిందని. ఐస్‌క్రీమ్ డబ్బా ఊసు అందులో లేదు.

ఒక వారం తర్వాత వంటింట్లో కూర్చుని, చిక్కుపడ్డ దారం విప్పుతూ బాబాయి నాతో అన్నారు. "గాలి వస్తోందని నాకు తెలుసమ్మా. అన్నయ్య నవ్వాడు, నీ ముందర చిన్నబోయినట్టయింది. నీళ్ళ మీద మనిషిని ముంచేది గాలి కాదు, మొహమాటం." నేనూ ఆ రోజు నవ్వినదాన్నే. దారం రెండో కొస పట్టుకున్నాను. మళ్ళీ నెలలోనే ఆయన పడవ కట్టుకుని బయల్దేరారు. భయం తగ్గిందా అంటే, "ఇంకా పెరిగింది, అందుకే పొద్దున్నే వెళ్ళి తొందరగా వచ్చేస్తా" అన్నారు. ఆ ఏడాది సంఘంలో ప్రతి ఇంటికీ ట్రౌట్ చేరింది. ఎవరైనా పడవెక్కుతామని వస్తే ముందే చెప్పేవారు, "నాకు భయమేస్తే తిప్పేస్తా, తర్వాత నన్నేమనుకున్నా పర్లేదు" అని.

పోయిన ఏడాది ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. నర్సు కాబట్టి డాక్టర్ చెప్పేలోపే ఆయనకి అర్థమైపోయింది. మొదట్లో దాచుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "ఎలా ఉన్నారంకుల్?" అంటే, "భయంగా ఉంది నాయనా" అని చెప్పేసేవారు. వచ్చినవాళ్ళు ఇబ్బంది పడిపోయేవారు. "అదేంటండీ, విశ్వాసికి భయమేంటి? మీరే అలా అంటే ఎలా?" అనేవారు. అందరూ ప్రేమతోనే అన్నారు, నేను కాదనను. నాన్న కూడా వీడియో కాల్‌లో, "ధైర్యంగా ఉండరా ఒరేయ్, నలుగురూ చూస్తున్నారు" అన్నారు. ఆఖరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కి మార్చేనాటికి ఆయన ఆ మాట అనడం మానేశారు. ఎవరొచ్చినా చిన్నగా నవ్వేవారు, "బానే ఉంది" అనేవారు. అందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ నవ్వు చూసి బెదిరిపోయాను. ఆ మొహం నేనింతకుముందు చూశాను. గాలి వస్తోందని తెలిసీ, అన్న నవ్వాడని, పిడి తిప్పి మళ్ళీ లోతు వైపు పోనిచ్చిన మనిషి మొహం అది.

ఆయన పోవడానికి రెండురోజుల ముందు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గదినిండా జనం. ఆయన అందరికీ నవ్వుతున్నారు, ఊపిరి అందక పెదవులు రంగు మారుతున్నా నవ్వుతున్నారు. నాకు కోపం వచ్చింది. డ్యూటీ గొంతు తెచ్చుకుని, "విజిటింగ్ టైం అయిపోయిందండీ" అన్నాను. అక్కడ అలాంటి టైం ఏదీ లేదు. అందరూ లేచి వెళ్ళారు. పిన్నిని కూడా టీ తాగి రమ్మని పంపేశాను. తలుపు మూశాను.

"నీ డ్యూటీ అయిపోయిందామ్మా?" అన్నారు బాబాయి, అదే నవ్వుతో.

ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళినవన్నీ మర్చిపోయాను. ఇన్నేళ్ళుగా ఇలాంటి మంచాల పక్కన నిలబడి ఎన్ని మాటలు చెప్పి ఉంటానో, ఒక్కటీ గుర్తురాలేదు. మంచం చువ్వ పట్టుకుని, "నాకు భయంగా ఉంది బాబాయ్" అన్నాను. ఓదార్చడానికి అన్నది కాదు. నిజంగానే భయమేసింది.

ఆయన నవ్వు ఆగిపోయింది.  "హమ్మయ్య" అన్నారు.

తర్వాత అన్నీ చెప్పారు, ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ. ఊపిరి ఆడకుండా పోతుందేమోనని భయం. పిన్నికి ఇంగ్లీషులో ఫోన్లు మాట్లాడటం రాదని భయం. అవతల ఏముందో, ఒకవేళ ఏమీ లేదేమోనని, ఆ ఆలోచన వచ్చిందని దేవుడికి తెలిసిపోయి ఉంటుందని భయం. ఊపిరి సంగతి నాకు తెలుసు. ఏం మందు ఇస్తారో, ఎలా ఉంటుందో, కిలో కూరగాయలు బేరమాడినంత వివరంగా అడిగారు, చెప్పాను. పిన్ని ఫోన్లు నేను చూసుకుంటానన్నాను. మూడోదానికి, "అది నాకు తెలీదు బాబాయ్. నాకూ అదే భయం" అన్నాను. ఆయన తల ఊపారు, ఆ జవాబే సరైనదన్నట్టు.

ఆఖరి ఉదయం ఆ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు, పిన్నికీ తెలియదు. భయపడే ఉంటారు. ఆ భయం పక్కన నేను లేనన్న బాధ నాకు పోదు.

కానీ ఆ మధ్యాహ్నం, చెప్పాల్సినవన్నీ చెప్పేశాక, నేను ఇంకా చువ్వ పట్టుకునే నిలబడి ఉండటం చూసి, ఆయన రెండు మోచేతుల మీద బరువు ఆనించి, ఆ ఇరుకు మంచం మీద గోడవైపుకి జరగడం మొదలుపెట్టారు. సాయం చేయబోతే చేత్తో వద్దన్నారు. కొంచెం జరిగి ఊపిరి తీసుకున్నారు, మళ్ళీ కొంచెం జరిగారు. ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ అయ్యాక, ముడతపడ్డ దుప్పటిని అరచేత్తో సాఫు చేసి, నన్ను ఎక్కి కూర్చోమన్నారు.